అడుగుకూ సాక్షి కావాలి

(ఖరగ్‌పూర్ ఖరిదాలో తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక వ్యవసాయ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

ముందు చాపల మీద కూర్చున్న పిల్లలూ! ఈ రోజు నేను చెప్పబోయేది మాకంటే మీకే తొందరగా అర్థమవుతుంది. మీరు మాకంటే నేలకు దగ్గరగా ఉంటారు కదా.

నన్ను మాట్లాడమని అడిగినప్పుడు మేనేజరు గారు ఒకే షరతు పెట్టారు. "లోన్ల గురించి మాత్రం వద్దండీ, ఇంట్లోవాళ్ళు కూడా వస్తున్నారు" అన్నారు. సరే అన్నాను. కానీ మధ్యలో ఒక లోను వస్తుంది. దానికి ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

నా విషయం జంతువుల అడుగుజాడలు. నిన్న రాత్రి పడినవీ, కోట్ల ఏళ్ళ క్రితం పడి రాయి అయిపోయినవీ.

అడుగుజాడ చదవడం మనకు కొత్త విద్య కాదు. కృష్ణాష్టమి నాడు మన ఇళ్ళలో ఏం చేస్తారు? పిడికిలి బియ్యప్పిండి నీళ్ళలో ముంచి గడప దగ్గర నుంచి దేవుడి గది దాకా అద్దుతారు. వేళ్ళకు అయిదు చుక్కలు పెడతారు. చిన్ని కృష్ణుడు లోపలికి నడిచి వచ్చాడన్నమాట. మా ఇంట్లో చిన్నప్పుడు నేను సరదాపడి రెండు పాదాలు వేళ్ళు వీధి వైపు తిప్పి వేశాను. మా అమ్మమ్మ చూసి, "ఒరేయ్, వచ్చినాయన్ని అప్పుడే పంపించేశావేంట్రా!" అని తడిగుడ్డ తెచ్చి తుడిచేసింది. ఇక్కడ ఖరిదాలో మన పక్కింటి బెంగాలీ వాళ్ళు కోజాగరి లక్ష్మీపూజ రోజున ఆల్పనాలో లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. అవి కూడా లోపలికే వస్తాయి. రెండు భాషల వాళ్ళూ ఒకే సంగతి ఒప్పుకున్నారు. అడుగు చూస్తే ఎవరు వచ్చారో, ఎటు వెళ్ళారో తెలుస్తుంది. ఆ మనిషి ఎదురుగా ఉండనక్కరలేదు.

ఇప్పుడు ఆ లోను సంగతి. నేను ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది. కలైకుండా వైపు అడవి అంచున ఉన్న ఒక ఊరి నుంచి ఒక ముసలి రైతు బ్రాంచికి వచ్చాడు. వరి పంట ఏనుగులు తొక్కేశాయి, వాయిదా కట్టలేను, గడువు పెంచండి అన్నాడు. పొలం చూడటానికి వెళ్ళాను. ఆ రోజు నాకు ఇంకా మూడు ఊళ్ళు తిరిగే పని ఉంది. మోటారు సైకిలు స్టాండు వేసి రోడ్డు పక్క గట్టు మీద నిలబడి చూశాను. ఎదురుగా వరి పచ్చగా, నిలువుగా ఉంది. "పంట నష్టం ఆనవాళ్ళు కనిపించలేదు" అని కాగితం మీద రాసేశాను కూడా.

ఆ పెద్దాయన నా కాగితం వంక చూడలేదు, నా బూట్ల వంక చూశాడు. వాటికి బురద అంటలేదు. "బాబూ, ఒక్కసారి లోపలికి రండి" అన్నాడు. చెప్పులు చేతిలో పట్టుకుని ఆయన ముందు, ప్యాంటు మడిచి నేను వెనక. పొలం ఆ చివర అడవి వైపు వెళ్ళేసరికి వరి లేదు. చాప పరిచినట్టు పడి ఉంది. అందులో పెద్ద పెద్ద గుంటలు, ఒక్కొక్కటీ మన ఇంట్లో అన్నం వార్చే పళ్ళెమంత. అన్నిటి నిండా నీళ్ళు. కొన్నింట్లో అప్పుడే చిన్న కప్పలు చేరాయి.

ఆయన వంగి ఒక్కొక్క గుంటా చూపిస్తూ చెప్పుకుంటూ పోయాడు. ఇది ముందుకాలు, గుండ్రంగా ఉంది. ఇది వెనకకాలు, కోలగా ఉంది. ఇక్కడ పిల్ల తల్లిని ఆనుకుని నడిచింది. ఇదిగో గోళ్ళ గుర్తులు, ఇవి ఊరి వైపు ఉన్నాయి, అంటే వచ్చినప్పటివి. అవి అడవి వైపు ఉన్నాయి, తెల్లవారకముందే తిరిగి వెళ్ళాయి. మొన్నటి వాన ఈ గుంటల్లో నిండింది కాబట్టి వానకు ముందే వచ్చాయి. ఇక్కడి వాళ్ళు ఏనుగును 'హాతీ ఠాకుర్' అంటారు, దేవుడి కింద లెక్క. ఆయన గొంతులో కోపం కూడా లేదు. నాకు మాత్రం జేబులో ఉన్న కాగితం బరువెక్కింది. దాన్ని చింపి మళ్ళీ రాశాను. గడువు పెరిగింది. ఆ రోజు గట్టు మీద నుంచే తిరిగి వచ్చేసి ఉంటే నా రిపోర్టులో ఒక్క అబద్ధమూ ఉండేది కాదు. నాకు కనిపించలేదు అన్నది నిజమే. అయినా ఒక కుటుంబం అప్పులో మునిగిపోయేది.

అప్పటి నుంచి నేల చూసి నడవడం అలవాటైంది. దొరికిన పుస్తకాలు చదివాను, అటవీ శాఖ సిబ్బందిని విసిగించి అడిగాను. నేర్చుకున్నదాంట్లో కొంచెం మీతో పంచుకుంటాను.

ముందు మన వీధిలోనివి. కుక్క అడుగు, పిల్లి అడుగు తేడా ఎంతమందికి తెలుసు? రెండింటికీ నాలుగు వేళ్ళ గుర్తులే పడతాయి. కుక్క అడుగు కొంచెం కోలగా ఉంటుంది, వేళ్ళ ముందు గోళ్ళ చుక్కలు కనిపిస్తాయి. పిల్లి అడుగు గుండ్రంగా ఉంటుంది, గోళ్ళు కనిపించవు. పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. ఇది తెలిస్తే మీకు పులి అడుగు కూడా సగం తెలిసినట్టే. పులి, చిరుత పిల్లి జాతివే. నక్క, తోడేలు కుక్క జాతివి.

ఆవు, మేక, జింక, అడవిపంది అన్నిటికీ చీలిన గిట్టలు. అడవిపంది మెత్తటి బురదలో నడిస్తే గిట్ట వెనక రెండు చిన్న గుర్తులు కూడా పడతాయి. పిచ్చుక గెంతుతుంది కాబట్టి దాని అడుగులు జంటలుగా పడతాయి. గోరింక మనలాగే నడుస్తుంది, ఒకటి ఇటు, ఒకటి అటు. కుందేలు పరుగెత్తినప్పుడు ఒక వింత ఉంది. వెనక కాళ్ళు ముందు కాళ్ళను దాటి వాటికంటే ముందు పడతాయి. తెలియనివాడు ఆ గుర్తులు చూస్తే కుందేలు వెనక్కి వెళ్ళిందనుకుంటాడు. పాముకాళ్ళు పాముకే తెలుసంటారు గానీ మెత్తటి దుమ్ములో పాము పాకిన గీత మనకూ తెలుస్తుంది.

సెలవులకు శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్ళినప్పుడు జనవరి నుంచి మార్చి మధ్య పొద్దున్నే సముద్రం ఒడ్డుకు వెళ్ళండి. ఇసుకలో చిన్న ట్రాక్టరు టైరు దొర్లినట్టు ఒక జాడ నీళ్ళలో నుంచి పైకి వచ్చి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళడం కనిపించవచ్చు. అది ఆలివ్ రిడ్లే తాబేలు. రాత్రి వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోయింది. దాని కాళ్ళ గుర్తులు ఒకదాని తర్వాత ఒకటిగా పడతాయి. పచ్చ తాబేలైతే రెండు వైపులా ఒకేసారి జంటగా తోస్తుంది. తాబేలును చూడకుండానే జాతి చెప్పవచ్చు. గుడ్లు కాపాడేవాళ్ళు ఈ జాడ పట్టుకునే గూడు కనిపెడతారు. ఆ జాడ మీద మనం ఆటలాడి చెరిపేస్తే వాళ్ళకు దారి పోతుంది.

ఏనుగు విషయంలో ఒక లెక్క ఉంది, ఇది పిల్లలకు. ముందుకాలి గుర్తు చుట్టూ తాడు పెట్టి కొలవండి. దానికి రెట్టింపు చేస్తే ఏనుగు భుజం ఎత్తు ఇంచుమించు వస్తుంది. అడుగు చుట్టుకొలత 4 అడుగులైతే ఏనుగు 8 అడుగులన్నమాట. అడవిలో పనిచేసేవాళ్ళు చాలా కాలంగా వాడుతున్న లెక్క ఇది.

ఇక అడుగు ఎప్పటిది? అంచులు పదునుగా ఉంటే కొత్తది. ఎండి రాలిపోతూ ఉంటే పాతది. గుంటలో మంచు పడి ఉంటే రాత్రిది, మంచు చెదిరి ఉంటే తెల్లవారాక పడింది. గుంట మీద సాలీడు గూడు కట్టి ఉంటే అది వెళ్ళి చాలాసేపైంది. నల్లమలలో చెంచులు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో చెంచులు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. పడి ఉన్న ఆకు తిరగబడిందా లేదా అన్నది కూడా వాళ్ళకు ఒక మాటే.

ఇప్పుడు మన చుట్టుపక్కలే జరిగిన సంగతి చెబుతాను. 2018 మొదట్లో లాల్‌గఢ్ అడవి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పెద్ద పులి అడుగులు చూశామన్నారు. ఇక్కడ పులి ఏమిటి, తాతల కాలంలో మాట అని చాలామంది కొట్టిపారేశారు. హైనా అయి ఉంటుందన్నారు. అటవీ శాఖ కెమెరాలు పెట్టింది. మార్చి 2న ఫోటో పడింది. నిలువెత్తు మగ పులి! నేల చెప్పింది నిజమే. బోన్లు పెట్టారు, మేకల్ని ఎర వేశారు, దొరకలేదు. ఆరు వారాలు గడిచాయి. ఏప్రిల్ 13న మేదినీపూర్ దగ్గరి బాఘ్‌ఘోరా అడవిలో ఆ పులి శవం దొరికింది. అది వేట పండుగ రోజులు. ఒంటి మీద ఈటెల గాయాలు ఉన్నాయి.

ఈ కథలో అడుగు తన పని తాను చేసింది. ఊరివాళ్ళు కూడా చేశారు, చూసింది చూసినట్టు చెప్పారు. నమ్మడానికి మనకు టైము పట్టింది. నమ్మాక కాపాడటానికి ఇంకా టైము పట్టింది. ఆ టైము పులికి లేకపోయింది.

రెండో కథ కాస్త సంతోషంగా ముగుస్తుంది. మహారాష్ట్ర తాడోబా నుంచి జీనత్ అనే ఆడపులిని ఒడిశా సిమిలిపాల్‌కు తెచ్చారు. 2024 నవంబరులో అడవిలోకి వదిలారు. అది అక్కడ ఉండక జార్ఖండ్ దాటింది, మన టాటానగర్ లైనులో ఉన్న చాకులియా వైపు తిరిగింది, డిసెంబరులో ఝార్‌గ్రామ్, పురూలియా మీదుగా బాంకుడా చేరింది. మెడలో రేడియో కాలర్ ఉంది కాబట్టి ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. అయినా కొండల్లో సిగ్నల్ ఒక్కోసారి అందదు. అప్పుడు సిబ్బంది మళ్ళీ నేల మీద అడుగులే వెతికారు. డిసెంబరు 29న మత్తుమందు ఇచ్చి పట్టుకున్నారు, తర్వాత సిమిలిపాల్‌కు క్షేమంగా చేర్చారు. రెండు పులులూ నడిచింది ఇంచుమించు ఒకే ప్రాంతం. మధ్యలో ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో మనం కొంచెం నేర్చుకున్నామనే అనుకుంటున్నాను.

అయితే అడుగును నమ్మితే చాలదు. ఎక్కువగా నమ్మినా ప్రమాదమే. దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. సిమిలిపాల్‌కు మొదటి ఫీల్డ్ డైరెక్టరు సరోజ్ రాజ్ చౌధురి. జశీపూర్‌లోని తన ఇంట్లో ఖైరీ అనే పులిని కన్నబిడ్డలా పెంచిన మనిషి. 1966లో ఆయన పులి అడుగుల్ని బట్టి పులుల్ని లెక్కపెట్టే పద్ధతి తయారుచేశారు. అడుగు మీద గాజుపలక పెట్టి దాని మీద గీత గీయడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయడం. వెనకకాలి అడుగు చదరంగా ఉంటే మగది, కొంచెం పొడవుగా ఉంటే ఆడది. 1972లో దేశమంతా లెక్క తీస్తే 1,827 పులులు తేలాయి. మరుసటి ఏడాదే ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఒక అడుగు అచ్చు పట్టుకుని ఒక దేశం మేలుకుంది.

తర్వాత ఆ పద్ధతి అలవాటైపోయింది. ఒకే పులి అడుగు ఇసుకలో ఒకలా, బురదలో ఒకలా పడుతుంది. నడిస్తే ఒకలా, దూకితే ఒకలా. ఒక పులినే రెండుగా లెక్కపెట్టే వీలుంది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో ఏటా రిజిస్టర్లలో పులులు ఉంటూనే ఉన్నాయి. 2005లో వెతికి చూస్తే అడవిలో ఒక్క పులి కూడా లేదు. వేటగాళ్ళు ఎప్పుడో తుడిచిపెట్టేశారు. మన భాషలో చెప్పాలంటే లెడ్జరులో బ్యాలెన్సు ఉంది, వాల్టులో డబ్బు లేదు. ఆ దెబ్బతో పద్ధతి మార్చారు. కెమెరాలు పెట్టి పులి ఒంటి చారలు చూసి లెక్కపెట్టడం మొదలైంది. ఆ పద్ధతిలో 2006లో 1,411 అంచనా వచ్చింది. 2022 అంచనా సగటున 3,682. అడుగులు చూడటం మానలేదు. ఇప్పటికీ ముందు అడుగు చూసే కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయిస్తారు. కాకపోతే అడుగు ఒక్కటే చెప్పిందని లెక్క రాసేయరు.

బ్యాంకులో పనిచేసేవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. చదువురాని ఖాతాదారు వేలిముద్ర వేస్తే ఏం చేస్తాం? సాక్షి సంతకం తీసుకుంటాం. వేలిముద్ర అబద్ధం చెబుతుందని కాదు. అది ఎవరిదో, ఎప్పుడు వేశారో, ఇష్టపడి వేశారో లేదో ఆ ముద్ర ఒక్కటే చెప్పలేదు. అడుగు కూడా అంతే. అడుగు పక్కన విరిగిన కొమ్మ ఉందా, పేడ ఉందా, చెట్టు మీద గోళ్ళ గీతలున్నాయా? ఇవన్నీ సాక్షులు. ఆ ముసలి రైతు ఒక్క గుంట చూసి చెప్పలేదు. గోళ్ళ దిక్కు, వాన నీళ్ళు, పిల్ల అడుగులు, అన్నీ కలిపి చెప్పాడు. నేను మాత్రం గట్టు మీద నిలబడి సాక్షి లేకుండా సంతకం పెట్టాను.

ఇక రాయిగా మారిన అడుగుల దగ్గరికి వద్దాం. పిల్లలూ, మన వీధిలో సిమెంటు పోసిన రోజు ఎవరో ఒక కుక్క దాని మీద నడిచి వెళుతుంది. ఆ అడుగులు మీరు పెద్దయ్యేదాకా అలాగే ఉంటాయి. ఇది కూడా అలాంటిదే. ఒక జంతువు తడి బురద మీద నడిచింది. బురద ఎండి గట్టిపడింది. దాని మీద వేరే ఇసుకో, బూడిదో వచ్చి కప్పింది. తర్వాత పొర మీద పొర. లక్షల ఏళ్ళకు అంతా రాయి అయింది. ఆ తర్వాత వానకో, నదికో పై పొర ఊడితే లోపల అడుగు బయటపడుతుంది. కోటి అడుగుల్లో ఏ ఒక్కటో ఇలా మిగులుతుంది.

మన రాజస్థాన్‌లో జైసల్మేర్ జిల్లా థయ్యాత్ దగ్గర జురాసిక్ కాలపు రాళ్ళ మీద మూడు వేళ్ళ డైనోసార్ అడుగులు దొరికాయి. మన తెలుగు నేల మీద ప్రాణహిత, గోదావరి లోయలో డైనోసార్ ఎముకలు దొరికాయి. వాటిలో ఒకటి బరపాసారస్. పేరులో ఉన్న 'బర పా' బెంగాలీ మాట, పెద్ద కాలు అని. మీ స్నేహితులను అడగండి, వెంటనే చెబుతారు. రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కూడా కలిపి దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో నిలబెట్టారు. మన నేల ఎముక, మనం ఉంటున్న నేల భాషలో పేరు! దాని బంధువు కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది.

ఎముకకూ అడుగుకూ ఒక తేడా గమనించండి. ఎముక దొరికిన చోట ఆ జంతువు చచ్చిపోయి ఉండవచ్చు, వరదలో కొట్టుకొచ్చి ఉండవచ్చు. అడుగు దొరికిన చోట మాత్రం అది బతికుండగా నడిచింది. ఒక జంతువుకు ఉండేది ఒక్క అస్థిపంజరమే. అడుగులు లక్షల్లో వేస్తుంది. ఆ అడుగుల మధ్య దూరం చూసి అది మెల్లగా నడిచిందా, పరుగెత్తిందా చెప్పవచ్చు. 1976లో మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీనికి లెక్క కట్టారు. పాదం పొడవుకు సుమారు 4 రెట్లు తుంటి ఎత్తు. ఆ ఎత్తుతో పోలిస్తే అడుగుల మధ్య దూరం ఎంత ఉందో చూస్తే వేగం వస్తుంది. మీరూ చేసి చూడవచ్చు. పాదాలు తడుపుకుని వరండాలో ఒకసారి నడవండి, ఒకసారి పరుగెత్తండి. దూరాలు కొలవండి. అమ్మ తిడితే నా పేరు చెప్పండి.

రాతి అడుగును తప్పు చదివినవాళ్ళూ ఉన్నారు. 1802లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్లినీ మూడీ అనే కుర్రాడు పొలం దున్నుతుంటే మూడు వేళ్ళ అడుగులున్న రాయి తగిలింది. జనం దాన్ని బైబిలులోని నోవా వదిలిన కాకి అడుగు అన్నారు. 1836లో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అనే పండితుడు అలాంటివి ఎన్నో పోగుచేసి, ఒకప్పటి పెద్ద పక్షుల అడుగులని రాశాడు. తర్వాత అవి డైనోసార్లవని తేలింది. అయితే ఆయన తప్పు పూర్తి తప్పూ కాదు. పక్షులు డైనోసార్ల వంశంలోనే పుట్టాయని ఇప్పుడు మనకు తెలుసు. రాతిలోని అడుగు మారలేదు. సాక్షులు ఒక్కొక్కరే రావడానికి వందేళ్ళు దాటింది.

అన్నిటికంటే నన్ను కదిలించేది ఆఫ్రికాలో టాంజానియా దేశపు లయటోలి అడుగులు. 1976లో మేరీ లీకీ బృందంలోని శాస్త్రవేత్తలు సాయంత్రం ఏమీ తోచక ఎండిన ఏనుగు పేడ ఒకరి మీద ఒకరు విసురుకుని ఆడుకుంటున్నారట. ఆండ్రూ హిల్ అనే ఆయన తప్పించుకోబోయి కింద పడ్డారు. ముఖం ముందు రాతిలో జంతువుల అడుగులు! రెండేళ్ళ తర్వాత, 1978లో, అదే ప్రాంతంలో రెండు కాళ్ళ మీద నడిచిన వాళ్ళ అడుగులు దొరికాయి. సుమారు 36 లక్షల ఏళ్ళ నాటివి. అగ్నిపర్వతం బూడిద పడింది, దాని మీద సన్నటి వాన పడింది, ఆ తడి మీద మన పూర్వీకుల్లాంటి వాళ్ళు నడిచి వెళ్ళారు. సుమారు 27 మీటర్ల దారి, 70 దాకా అడుగులు. ఒక పెద్ద జాడ, దాని పక్కనే ఒక చిన్న జాడ. బజారుకు వెళ్ళేటప్పుడు మీరు నాన్న పక్కన నడిచినట్టు. అప్పటికి మనిషికి మాట లేదు, రాత లేదు. అడుగు ఉంది.

ఇంత దూరం వెళ్ళి మళ్ళీ ఖరిదాకు ఎందుకు వస్తున్నానంటే, చివరిగా చెప్పాల్సిన మాట మన ఇళ్ళకు సంబంధించింది. ఇక్కడ కూర్చున్న చాలామంది తాతలు రైల్వేలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళు. ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఒకరు బ్యాంకులో ఉంటే ఇంకొకరు రైల్వేలో ఉన్నారు. లోకో పైలట్ల ఇళ్ళవాళ్ళు కూడా ఈ సభలో ఉన్నారు.

దల్మా కొండల ఏనుగులు 1980ల చివరి నుంచి ఏటా ఈ జిల్లాలోకి వస్తున్నాయి. అంతకుముందు ఇక్కడి అడవులు నరికివేతతో బక్కచిక్కి ఉండేవి. 1970ల మొదట్లో మన జిల్లాలోనే ఆరాబాడీలో ఊరివాళ్ళు, అటవీ శాఖ కలిసి అడవిని కాపాడటం మొదలైంది. ఆ పద్ధతి వ్యాపించింది, మన వైపు గుగ్గిలం అంటామే, ఆ సాల్ అడవి మళ్ళీ లేచింది. అడవి పెరిగింది, పక్కన వరి పండింది, ఏనుగు దారి పట్టింది. మన సొంత ఊళ్ళకు కూడా, పార్వతీపురం మన్యం వైపు, ఒడిశా నుంచి ఏనుగులు వస్తున్నాయి. ఏనుగుల దారికి అడ్డంగా మన రైలు దారి ఉంది. 2025 జులైలో ఖరగ్‌పూర్, టాటానగర్ లైనులో బాన్‌స్తలా దగ్గర రాత్రివేళ రైలు తగిలి ఒక పెద్ద ఏనుగు, రెండు పిల్లలు చనిపోయాయి. బండి నడిపేవాడికి ఆ చీకట్లో అంత పెద్ద ప్రాణి కనిపించేసరికి బ్రేకు వేసినా ఆగదు. ఆ బాధ ఆయన కూడా ఇంటికి మోసుకుపోతాడు.

దీనికి ఇప్పుడు ఒక ఉపాయం వచ్చింది, అదీ అడుగు చదవడమే. ఈశాన్య సరిహద్దు రైల్వేలో మొదలైన ఈ పద్ధతి పేరు 'గజరాజ్'. పట్టాల పక్కన పాతిన ఆప్టికల్ ఫైబర్ తీగ ఉంటుంది. ఏనుగు నడిస్తే నేల సన్నగా అదురుతుంది. ఆ అదురును తీగ పట్టి స్టేషనుకు, కంట్రోలు రూముకు కబురు పంపుతుంది. బండి వేగం తగ్గిస్తారు. ఆ ముసలి రైతు కంటితో చదివినదాన్ని ఈ తీగ నేల అదురులో చదువుతోంది.

పిల్లలకు, పెద్దలకు నా మనవి మూడు ముక్కలు. ఒకటి, అడవి అంచున కొత్త ఏనుగు అడుగు కనిపిస్తే దాని వెంట వెళ్ళకండి. సెల్‌ఫోను తీసి ఫోటో కోసం లోపలికి అస్సలు వెళ్ళకండి. అడుగు కొత్తదైతే ఏనుగు దగ్గరే ఉందని అర్థం. వచ్చిన దారినే తిరిగి వచ్చి బీట్ ఆఫీసుకు చెప్పండి. పట్టాల దగ్గరైతే స్టేషనులో కూడా చెప్పండి. రెండు, అడుగు చూశామని ఊరివాళ్ళు చెబితే నవ్వకండి. లాల్‌గఢ్ గుర్తుంచుకోండి. మూడు, చూసింది చూసినంతే చెప్పండి, కలిపి చెప్పకండి. సరిస్కా గుర్తుంచుకోండి.

వచ్చే నెల కలిసినప్పుడు ప్రతి పిల్లాడూ, ప్రతి పిల్లా ఒక అచ్చు తీసుకురావాలి. మీ వీధి కుక్కది చాలు. రెండు పాళ్ళు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఒక పాలు నీళ్ళు. అడుగు చుట్టూ అట్టముక్కతో గోడలా కట్టి నెమ్మదిగా పోయండి. అరగంట ఆగి తీయండి. వెనక పెన్సిలుతో తేదీ, చోటు రాయండి. పక్కన ఎవరు ఉన్నారో వాళ్ళ పేరు కూడా రాయించండి. సాక్షి అన్నమాట.

అక్కడ పులిహోర చల్లారిపోతోందని వదినగారు సైగ చేస్తున్నారు. సెలవు.